ఉప్పు చెమ్మగిల్లని చోటు

“ఆగండి! ఆగండి! ఏంది మీరు చేస్తన్న పని?”

శ్రీరంగం ఉలిక్కిపడి ఆగాడు. తడిసిన కండువాను రెండు చేతులా మెలితిప్పి పిండుతున్నాడతను. సగం నీళ్లు కారిపోయాయి. సగం ఇంకా కండువాలోనే ఉన్నాయి.

ఒక అమ్మాయి గేటు దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చింది. ఒక చేత్తో చీర కుచ్చెళ్లు బురదంటకుండా ఎత్తిపట్టుకుంది. రెండో చేతిలో గీతలు గీసిన సన్నటి గాజు గ్లాసు ఉంది.

“కండువా పిండుకుంటన్న,” అన్నాడు శ్రీరంగం. అందులో తప్పేముందో అతనికి అర్థం కాలేదు.

“జగదల్‌పూర్ అంతా వదిలేసి పిండుకోవడానికి మీకు ఇదే దొరికిందా?”

అతను కిందికి చూశాడు. కాళ్ల దగ్గర నేలలో పాతిన రేకు డబ్బా ఒకటుంది. దాని నోట్లో గరాటు. కండువా నీళ్లు బొట్టుబొట్టుగా ఆ గరాటులోకే జారుతున్నాయి.

“ఇది నీళ్ల డబ్బానే గదా?”

“వాన నీళ్ల డబ్బా! నిన్న పడ్డ వాన ఎంతో ఇప్పుడు నేను కొలవాలి. దేవుడు కురిపించింది ఎంత, మీరు పిండింది ఎంత? ఎట్ల విడదీయమంటరు?”

శ్రీరంగం కాస్త ఆలోచించాడు. “కండువా మూడు మూరలుంటది,” అన్నాడు, ఏదో సాయం చేద్దామని.

ఆ అమ్మాయి తిట్టడానికి నోరు తెరిచింది. తిట్టు కంటే ముందు నవ్వు వచ్చేలా ఉంది కాబోలు, పెదవి కొరుక్కుని తల తిప్పుకుంది. గరాటు తీసి, లోపలి సీసాలో నీళ్లు గాజు గ్లాసులోకి వంచి చూసి, నిట్టూర్చి పారబోసింది. చంకలోని పుస్తకం తెరిచి పెన్సిలుతో రెండే మాటలు రాసింది.

“ఏం రాసిన్రు?”

“కొలత చెడింది అని రాసిన. ఉన్నది ఉన్నట్టే రాయాలె. ఇంచీలో నూరో వంతు, ఒక్క సెంటు వాన కూడా కల్పించి రాసేది లేదు.”

“ఎవరు చెడగొట్టిన్రో కూడా రాసిన్రా?”

“పేరు తెలిస్తే రాసేదాన్నే!”

బస్తర్ సంస్థానం రాజధానిలో శ్రీరంగం మొదటి ఉదయం అలా గడిచింది. మృగశిర కార్తె వచ్చి రెండు రోజులే అయింది.

* * *

శ్రీరంగం వాళ్లది బాసగూడ. తండ్రి కాలం నుంచీ ఉప్పు వ్యాపారం. భద్రాచలం వైపు నుంచి ఎడ్లబండ్ల మీద ఉప్పు తెచ్చి సంతల్లో ఇవ్వడం, బదులుగా ఇప్పపువ్వు, చింతపండు, కరక్కాయ పట్టుకెళ్లడం. తండ్రి పోయాక ఇంట్లో మిగిలింది తల్లి అన్నపూర్ణమ్మ, తను.

వాళ్ల ఇల్లు తాలిపేరు ఒడ్డునే ఉంది. మూడేళ్ల కింద అన్నపూర్ణమ్మకు ఉబ్బసం పట్టుకుంది. ఎండాకాలం ఎలాగో నెట్టుకొచ్చేది. తొలకరి పడి, ఏటి మీది నుంచి ఆ చల్లటి చెమ్మగాలి తిరిగితే చాలు, ఆమె గుండెల్లో పిల్లికూతలు మొదలయ్యేవి. కిందటి వానాకాలంలో రెండుసార్లు ఆమె ఇక దక్కదనే అనుకున్నాడు శ్రీరంగం.

భద్రాచలం వైద్యుడు నాడి చూసి, “మందు సగం, గాలి సగం. ఈ వానలు ముదిరేలోగా ఊరు మార్చు,” అన్నాడు. ఏ ఊరో చెప్పలేదు.

చెప్పేవాళ్లకు మాత్రం కొదవ లేదు. కొంట వెళ్లు, వాన తక్కువ అన్నాడు ఒకాయన. కొంట ఎండకు మనిషి మాడిపోతాడు, భోపాలపట్నం వెళ్లు అన్నాడు ఇంకొకాయన. అక్కడ రెండు నదుల చెమ్మ, జగదల్‌పూర్ వెళ్లు, ఎత్తు మీద ఊరు, చల్లగా ఉంటుంది అన్నాడు మూడో ఆయన. చలే కదా ఆమెకు పడనిది అని నాలుగో ఆయన అడ్డం కొట్టాడు. శ్రీరంగానికి బుర్ర గిర్రున తిరిగింది.

“వాళ్ల మాటలు వింటే నీకు నాకంటే ముందు ఊపిరాడదు,” అంది అన్నపూర్ణమ్మ. “నువ్వే పోయి చూడు కొడకా. నీకు నచ్చిన చోటే చూడు. పక్కన నాలుగు మంచి మొహాలుండాలె. నీకో మంచి పిల్ల కూడా కనబడిందనుకో, నాకు సగం రోగం అక్కడే కుదురుతది.”

అయిదు రోజులు బండిలో ప్రయాణం చేసి అతను జగదల్‌పూర్ చేరాడు. దఫ్తర్‌లో ప్రతి తహసీల్ వాన లెక్కా ఉంటుందనీ, అది చూసేది తెలుగాయనే, రామనర్సయ్య గారనీ బజారులో చెప్పారు. దఫ్తర్ తెరిచేదాకా ఆవరణలో నిలబడి, తడిసిన కండువా పిండుకున్నాడు. ఆ తర్వాత జరిగింది చూశాం.

* * *

రామనర్సయ్య గారిల్లు దఫ్తర్ పక్క సందులోనే ఉంది. ఆయన మనసు మంచిది. చూపే మంచిది కాదు. కళ్లకు శుక్లాలు ముసిరి రెండేళ్లయింది. రేకు డబ్బా దగ్గర గ్లాసు మీది సన్న గీతలు చూసేది కూతురు. పుస్తకంలో రాసేది కూతురు. పై అధికారికి సలాం కొట్టేది మాత్రం ఆయన. ఆ సంగతి బయటికి పొక్కితే ఉద్యోగం ఉండదు.

ఆ కూతురి పేరు మంగాదేవి అని శ్రీరంగానికి అరుగు మీద కూర్చున్నాక తెలిసింది.

“అయ్యా, ఏ ఊళ్లో గాలి మంచిదో లెక్క చూసి చెప్తరని వచ్చిన,” అన్నాడు. “మా ఇంట్లోవాళ్లకి ఉబ్బసం. వానలు పెరిగేలోపు ఇల్లు మార్చాలె.”

మజ్జిగ చెంబు అందిస్తున్న మంగాదేవి చెయ్యి గాల్లో ఒక్క క్షణం ఆగింది. తర్వాత చెంబు కొంచెం గట్టిగానే అరుగు మీద పెట్టింది.

“అయ్యో పాపం,” అన్నాడు రామనర్సయ్య. “అమ్మా మంగా, కొంటవీ, భోపాలపట్నానివీ, మనవీ పాత రిజిస్టర్లు తీసుకురా. నెమ్మదిగా చూసుకోనీ అబ్బాయిని.”

నెమ్మదిగానే చూసుకున్నాడు శ్రీరంగం. ఒక్క పూటలో అయ్యే పని నాలుగు రోజులు సాగింది. మంగాదేవి చదివి చెప్పేది, అతను రాసుకునేవాడు. రామనర్సయ్య గారు పక్కన కూర్చుని వక్కలు కత్తిరిస్తూ, మధ్యలో కునుకు తీసేవారు.

“కొంట, శ్రావణం. పదకొండు ఇంచీలు.”

“పదకొండు.”

“జగదల్‌పూర్, శ్రావణం. పదహారు.”

“పదమూడు.”

“పదహారు అన్న!”

“కొంచెం తగ్గిస్తే ఏం పోతది? ఊరు మంచిగున్నది.”

ఆమె నవ్వింది. నవ్వితే ఆమె ఎడమ కన్ను కుడి కన్ను కంటే కొంచెం చిన్నదవుతుంది. అది అతను మొదటి రోజే కనిపెట్టాడు. రెండో రోజు అదే పనిగా తప్పులు రాశాడు, ఆమె చేత దిద్దించుకోవడానికి. మూడో రోజు తను అడగకుండానే ఆమె జామకాయ కోసి ఉప్పు అద్ది ఇచ్చింది.

“మా ఉప్పేనా?” అన్నాడు.

“అయ్యుంటది. కొంచెం చేదుగున్నది.”

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే ఆమె మొహం మీద మబ్బు కమ్మినట్టయింది. పుస్తకం మూసేసింది.

“మీ ఇంట్లోవాళ్లు మీకోసం ఎదురుచూస్తుంటరు. జల్దీ పని కానిచ్చుకుని పొండి,” అంది.

ఎంత మంచి మనసు, అనుకున్నాడు శ్రీరంగం. తన తల్లిని చూడనైనా లేదు, ఆమె మీద ఎంత దయ! అయితే దయగల మాట అంత పుల్లగా ఎందుకు వచ్చిందో మాత్రం అతనికి పాలుపోలేదు.

ఈ ఊరి వాన లాంటిది ఆ పిల్ల. ఎండలో నవ్వుతూ నిలబడితే నెత్తిన చినుకు పడేది. తడిసిపోయానని చూరు కిందికి పరుగెత్తితే ఎండ కాసేది.

నాలుగో రోజు అతని అదృష్టం పండింది. రామనర్సయ్య గారి పెరటి వెనక, ఇంద్రావతి వైపు పల్లంలో, ఒక ఇల్లు ఖాళీగా ఉందని తెలిసింది. వెళ్లి చూశాడు. గోడలు బాగున్నాయి. అన్నిటికంటే బాగున్నది వెనక వసారా. అక్కడ నిలబడితే మంగాదేవి బావి దగ్గర నీళ్లు చేదడం కనబడుతుంది. గాలి, చెమ్మ, ఇంచీలు, సెంట్లు అన్నీ మర్చిపోయాడు. ఆ సాయంత్రమే తల్లికి ఉత్తరం రాసి టపాలో వేశాడు. తర్వాత ఉరుకుతూ వచ్చి అరుగెక్కాడు.

“ఇల్లు దొరికింది! మీ వెనకే!”

మంగాదేవి మొహంలో రంగు పోయింది.

“ఆ ఇల్లు వద్దు,” అంది.

“ఎందుకు?”

“వద్దు. అసలు జగదల్‌పూరే వద్దు. కొంటకు పొండి. కొంట చాలా మంచిది. వాన తక్కువ. లెక్కల్లో ఉన్నదిగా.”

“నిన్న మీరే అన్నరు గదా, కొంట ఎండలు...”

“నిన్నటి మాట నిన్నటిది. కొంటకే పొండి!” అని ఆమె లోపలికి వెళ్లిపోయింది.

శ్రీరంగం రామనర్సయ్య గారి వంక చూశాడు. ఆయన కునుకులో ఉన్నారు.

* * *

అయిదు రోజులు శ్రీరంగం అన్నం సరిగా తినలేదు. సంతలో ఇవ్వడానికి బండిలో వెంట తెచ్చిన ఉప్పు బస్తాలు సత్రంలో ఉన్నాయి, వాటికి ఆనుకుని కూర్చుని ఆలోచించాడు. తనేం తప్పు చేశాడు? కండువా పిండాడు. అది పాత సంగతి. కొలతలు తప్పు రాశాడు. అందుకామె నవ్వింది కదా?

అలా ఆలోచిస్తుండగా వీపుకు చల్లగా తగిలింది. బస్తా చెమ్మగిల్లింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఉప్పుతో బతికినవాడికి అప్పుడు తట్టింది. వాన ఎంత పడిందో రేకు డబ్బా చెబుతుంది. పడ్డాక గాలిలో ఎంత నిలిచిందో చెప్పాల్సింది ఉప్పు. తల్లికి పడనిది ఆ నిలిచిన చెమ్మే.

విస్తరాకు దొప్పల్లో గుప్పెడేసి ఉప్పు పోసుకుని బయల్దేరాడు. మొదటి దొప్ప పెరటి వెనకింట్లో పెట్టాడు. అతను దొప్పతో లోపలికి వంగి వెళ్లడం బావి దగ్గర్నుంచి మంగాదేవి చూసింది. పలకరించకూడదనే అనుకుంది గానీ ఉండబట్టలేకపోయింది.

“ఏంది ఆ పూజ?”

“పూజ గాదు, పరీక్ష. మీకు మీ గ్లాసున్నది, మాకు మా ఉప్పున్నది.”

“ఉప్పు ఏం చెప్తది?”

“రేపు పొద్దున చూస్తే తెలుస్తది.”

ఆ సాయంత్రం వాన పడింది. పొద్దున వెళ్లి చూస్తే దొప్పలో ఉప్పు లేదు. ముక్కాలు భాగం నీరై కారిపోయి, అడుగున తెల్లటి బురద మిగిలింది. శ్రీరంగం ఆ దొప్ప పట్టుకుని పెరటి బావి దగ్గరికి వచ్చాడు. ఆ ఇంట్లోనా తను తల్లిని పెడదామనుకున్నది? వసారా చూసి మురిసిపోయి!

మంగాదేవి కూడా దొప్పలోకి తొంగి చూసింది. ‘నేను ముందే చెప్పాను’ అని మాత్రం అనలేదు. అదే అతనికి ఇంకా వింతగా తోచింది.

వాళ్లింట్లో వడ్లు దంచడానికొచ్చే బుధ్రి మాత్రం రోకలి పక్కన పెట్టి పకపకా నవ్వింది. బుధ్రి దొర్ల తెగ మనిషి, కొంట వైపు పుట్టి, పెళ్లయి ఇటొచ్చింది. జుట్టు నెరిసింది గానీ నవ్వు నెరవలేదు.

“పల్లంలో పెడితే ఉప్పు ఉంటదా సేటూ? మేం ఇప్పపువ్వు ఆరబోసే కాడ పెట్టి చూడు. మొరం గుట్ట, అంత గులకమట్టే. ఎంత వానైనా గడియలో ఆరిపోతది. గాలి అట్ల కొడతది మరి.”

“ఎక్కడ?”

“బజారు దాటి, నీ కాలితో అరకోసు, అరగంట నడక. కలప కాంట్రాక్టు గుమాస్తా ఉండి ఖాళీ చేసిన పెంకుటిల్లు కూడా ఉంది. దూరమని ఎవరూ ఉండట్లే.”

“కొంట మంచిదని అంటన్నరు గదా,” అన్నాడు శ్రీరంగం, మంగాదేవి వంక చూడకుండా.

“కొంటా!” బుధ్రి రోకలి మళ్లీ దింపింది. “రోహిణిలో ఆ వడగాలికి కాకులు సచ్చి కింద పడతయ్. ఊపిరి లేనోళ్లను కొంట తీసుకపోతరా ఎవరైనా? ఎవరన్నరు ఆ మాట?”

మంగాదేవి బావి చేద వదిలేసింది. అది దభీమని నీళ్లలో పడింది.

రెండు రోజులు వరసగా ముసురు. బుధ్రి తీసుకెళ్లి చూపించిన గుట్ట మీది పెంకుటింట్లో, నేల మీదా, కిటికీలోనూ, తలుపు మూలా మూడు దొప్పలు పెట్టాడు శ్రీరంగం. మూడో పొద్దున వెళ్లి వేళ్లతో నలిపి చూశాడు. పైపైన కొద్దిగా తడి, లోపల పొడి. వేళ్ల సందుల్లోంచి జలజలా రాలింది. అతనికి అక్కడే గంతులెయ్యాలనిపించింది. వెంటనే దిగులూ వేసింది. మంచి ఇల్లు దొరికింది. కానీ ఈ ఊళ్లో తను ఉండకూడదని ఒక మనిషి కోరుకుంటోంది.

అడిగెయ్యాలి, అనుకున్నాడు.

* * *

మంగాదేవి రేకు డబ్బా దగ్గర ఒంగి గరాటు తుడుస్తోంది. అతను దూరంగానే నిలబడ్డాడు, కండువా చేతికి చుట్టుకుని.

“ఒక్క మాట అడుగుత. నేను ఈ ఊళ్లో ఉంటే మీకేంది ఇబ్బంది?”

ఆమె లేచి నిలబడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“మీకు సిగ్గనిపించట్లేదా?”

“దేనికి?”

“ఇంట్లో ఆమె ఊపిరాడక అల్లాడుతుంటే, మీరిక్కడ మా పెరడు కనబడే ఇల్లు వెతుక్కుంటరా?”

“ఆమే చెప్పింది గదా, నీకు నచ్చిన చోటు చూడమని.”

“ఆమే చెప్పిందా?”

“ఆ. ఒక మంచి పిల్ల కూడా కనబడితే సగం రోగం కుదురుతది అన్నది.”

మంగాదేవి కళ్లలో నీళ్లు తిరిగాయి.

“అట్ల అన్నదా? తన నోటితోనే?”

“నవ్వుకుంటనే అన్నది.”

“ఆమె దేవత,” అంది మంగాదేవి. “మీరు మాత్రం మనిషి గాదు!”

గరాటు, సీసా, పుస్తకం అన్నీ పోగుచేసుకుని వెళ్లిపోయింది. ఆ రోజు వాన ఎంతో కొలవనే లేదు.

తల్లిని పొగిడి తనను తిట్టడమేమిటో శ్రీరంగానికి ఎంత తన్నుకున్నా అర్థం కాలేదు. ఆ పూటంతా బజారులో తిరిగాడు. ఎవరో పలకరిస్తే ఇంకేదో జవాబు చెప్పాడు. చివరికి, ఎందుకొచ్చిన గొడవ, పెంకుటిల్లు మాట్లాడి, తల్లిని తీసుకొచ్చి, ఈ పిల్ల ఉన్న సందులోకే అడుగు పెట్టకుండా బతుకుదాం అని తీర్మానించుకున్నాడు. ఆ తీర్మానం చేసుకుంటూ ఆ సందులోనే మూడుసార్లు అటూ ఇటూ నడిచాడు.

* * *

మర్నాడు మధ్యాహ్నం కుండపోతగా వాన మొదలైంది. శ్రీరంగం సత్రంలో బస్తాల మీద గోనెలు కప్పుతుండగా, గొడుగైనా లేకుండా తడుస్తూ సోమారు వచ్చాడు. సోమారు వాళ్ల రెండో బండి తోలే మనిషి. బాసగూడలో ఉండాల్సినవాడు.

“నువ్వేంది ఇక్కడ?”

“అమ్మను తోలుకొచ్చిన. తాలిపేరు పొంగితే దారి మూసుకపోతది, ఇప్పుడే పోదాం అన్నది. నీ ఉత్తరంలో రామనర్సయ్య గారిల్లని ఉంది గదా, అక్కడే అరుగు మీద దించి, నిన్ను వెతుక్కుంట ఉరికొచ్చిన. అమ్మకు ఊపిరి సరిగ్గా లేదు, జల్దీ రా!”

శ్రీరంగం ఎలా పరుగెత్తాడో అతనికే తెలియదు. సందు మొగలో ఒకసారి జారిపడ్డాడు. లేచి మళ్లీ పరుగెత్తాడు.

రామనర్సయ్య గారి నడవలో అన్నపూర్ణమ్మ ముందుకు వంగి కూర్చుని ఉంది. ఒక్కొక్క ఊపిరికీ భుజాలు పైకి లేస్తున్నాయి. ఆమె వెనక మోకాళ్ల మీద కూర్చుని మంగాదేవి వీపు నిమురుతోంది. ఎదురుగా పీట మీద వేడినీళ్ల గిన్నె. బుధ్రి కిటికీ రెక్కలు మూసి, నిప్పుల కుంపటి దగ్గరికి జరుపుతోంది. రామనర్సయ్య గారు ఏం చెయ్యాలో తోచక చేతిలో విసనకర్ర పట్టుకుని నిలబడ్డారు.

“నెమ్మది పెద్దమ్మా, నెమ్మది. మెల్లగా వదులు. తొందరేం లేదు,” అంటోంది మంగాదేవి. తలుపు దగ్గర అతన్ని చూసి, “మీరా? బయట బండి ఎవరిదో చూడండి. ఈ పెద్దమ్మ ఎవరో, పాపం, అరుగు మీదికి వచ్చి కూలబడ్డది. పేరు చెప్పే ఊపిరి కూడా లేదు,” అంది.

“అమ్మా!” అన్నాడు శ్రీరంగం, తల్లి పాదాల దగ్గర కూలబడి.

మంగాదేవి చెయ్యి ఆగింది.

“మీ అమ్మగారా? ఈమెకు కూడా ఉబ్బసమేనా? ఇద్దరికీనా?”

“ఇద్దరెవరు?”

“మీ అమ్మగారికీ, మీ... ఇంట్లోవాళ్లకీ.”

“ఇంట్లోవాళ్లంటే అమ్మే గదా!”

“ఇంట్లోవాళ్లంటే భార్య గదా!”

“మా దిక్కు ఇంట్లో ఉన్నోళ్లనే ఇంట్లోవాళ్లంటరు! నాకు భార్య ఎక్కడిది?”

పెంకుల మీద వాన చప్పుడు, అన్నపూర్ణమ్మ ఊపిరి చప్పుడు. ఆ ఊపిరిలో కొత్తగా ఇంకో చప్పుడు కలిసింది. ఆమె నవ్వుతోంది. నవ్వితే దగ్గు, దగ్గితే ఆయాసం, అయినా ఆపుకోలేకపోతోంది.

“వాడి మొహానికి... పెళ్లాం కూడానా... తల్లీ!” అంది, మాటకూ మాటకూ మధ్య ఊపిరి లాక్కుంటూ. “ఉత్తరంలో ఇంటి గురించి... ఒక్క ముక్క. నీ గురించి... పది ముక్కలు. అందుకే... ఉండబట్టలేక వచ్చిన.”

మంగాదేవి మొహం ఎర్రబడింది. లేచి పారిపోదామంటే అన్నపూర్ణమ్మ వీపు తన చేతికే ఆని ఉంది.

* * *

అక్కడే ఉంటే తగ్గేలా లేదు. వాన కొంచెం తెరిపి ఇవ్వగానే బండిలో గడ్డి పరిచి, అన్నపూర్ణమ్మను కూర్చోబెట్టి గుట్ట మీదికి తీసుకెళ్లారు. బుధ్రి ముందుగా వెళ్లి పెంకుటిల్లు ఊడ్చి నిప్పు రాజేసింది. గుట్ట ఎక్కుతుంటే గాలి మారింది. కింద సందులో వీపుకు అతుక్కున్న తడి గుడ్డలు పైకి వచ్చేసరికి రెపరెపలాడాయి.

గంట గడిచింది. అన్నపూర్ణమ్మ ఆయాసం ఒక్కసారిగా పోలేదు. కానీ మెట్టు మెట్టుగా దిగింది. చీకటి పడేలోపే ఆమె, “ఇంత గంజి ఉంటే పొయ్యండే,” అంది. బుధ్రి గంజి కాచడానికి లేచింది. రామనర్సయ్య గారు సోమారుతో కలిసి కట్టెల కోసం వెళ్లారు.

వాకిట్లో శ్రీరంగం, మంగాదేవి మిగిలారు. వాన వెలిసి మొరం నేల అప్పుడే ఆరుతోంది. ఇద్దరూ ఆ నేలనే చూస్తున్నారు.

“మీరు నన్ను మనిషి గాదన్నరు,” అన్నాడు శ్రీరంగం.

“అన్న.”

“ఇప్పుడు?”

“ఇప్పుడు నేనొకటి చెప్పాలె.” ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంది. “కొంట మంచిదని మీకు అబద్ధం చెప్పిన. రోహిణిలో అక్కడ ఎట్లుంటదో నాకు బాగా తెలుసు. మా చిన్నమ్మ అక్కడే ఉన్నది. తెలిసి తెలిసి చెప్పిన. ఒక్క సెంటు వాన కల్పించి రాయనిదాన్ని, ఒక మనిషి ప్రాణం ఆధారపడ్డ మాట కల్పించి చెప్పిన. బుధ్రి అట్లనకపోతే మీరు అమ్మను అక్కడికే తీసుకపోయేటోళ్లు.”

“ఎందుకు చెప్పిన్రు?”

“మీకు పెళ్లయిందనుకున్న.”

“అయితే?”

“పెళ్లయినాయన రోజూ వచ్చి అరుగు మీద కూర్చుంటే నాకు సంతోషమైతన్నది. అది తప్పు గదా? మీరు వెనకింట్లోకి వస్తే ఇంకా తప్పయితది. అందుకే ఎంత దూరమైతే అంత మంచిదనుకున్న. కొంట కంటే దూరం ఊరు నోటికి రాలే.”

శ్రీరంగానికి ఆ మాట తలకెక్కడానికి కొంచెం సేపు పట్టింది. పదిహేను రోజులుగా ఒక్కటీ అర్థం కాని మనిషికి అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. అతను వాకిట్లో రాయి మీద కూర్చున్నాడు.

“పొమ్మన్నది వద్దనుకుని గాదా?” అన్నాడు.

“గాదు.”

“నేను పాడు మనిషినని గాదా?”

“పాడు మనిషనే అనుకున్న. అయినా సంతోషమే అయింది. అందుకే నా మీద నాకే కోపం వచ్చింది.”

అతను నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఎడమ కన్ను చిన్నదైంది.

“నేనూ ఒక తప్పు చేసిన,” అన్నాడు శ్రీరంగం. “అమ్మ కోసమని వచ్చి, మీరు కనబడే వసారా చూసి ఆ పల్లపు ఇల్లు ఖాయం చేసిన. ఉప్పు పెట్టి చూడకపోతే అమ్మను చేతులారా చంపుకునేవాణ్ణి. ఇద్దరం సమానమే.”

“ఇక్కడ బజారు దూరం. మీ ఉప్పు ఎవరు కొంటరు?”

“బండి మీద దించుకపోత. ఉప్పు కోసం జనం చంద్రుడి దాకా అయినా నడుస్తరు. మీరు చెప్పండి. ఇక్కడి నుంచి పొద్దున్నే ఆ డబ్బా దాకా నడవగలరా?”

ఆమె అతని వంక చూసింది. ఆ ప్రశ్నలో దాగిన రెండో ప్రశ్న ఆమెకు వినబడింది.

“నాన్నకు కళ్లు కనబడవు,” అంది నెమ్మదిగా. “నేను ఆ గ్లాసు వదిలిపెట్టలేను. ఎవరితో పెళ్లయినా ఈ ఊరు దాటి పోలేను. అందుకే వచ్చిన సంబంధాలన్నీ వెనక్కి పోయినయ్.”

“నేనెవర్నీ ఊరు దాటి రమ్మంటలే. నేనే ఊరు మార్చుకుని వచ్చిన గదా!”

లోపలి నుంచి అన్నపూర్ణమ్మ గొంతు వినబడింది. బలహీనంగానే ఉంది గానీ గట్టిగా మాట్లాడాలని చూస్తోంది.

“ఒరేయ్ శ్రీరంగం! ఆ పిల్ల ఏమన్నదిరా? నాకు సరిగ్గా వినబడట్లే!”

“ఏమీ అనలేదే ఇంకా!”

“నడుస్తనని అన్న,” అంది మంగాదేవి, గుమ్మం వైపు తిరిగి.

కట్టెల మోపు ఎత్తుకుని రామనర్సయ్య గారు గుట్ట ఎక్కి వస్తున్నారు. ఎవరెక్కడున్నారో ఆయనకు సరిగా ఆనలేదు. “ఎక్కడికి నడుస్తవే అమ్మా ఈ బురదలో?” అన్నారు.

అన్నపూర్ణమ్మ ఆయన్ను లోపలికి పిలిచింది. ఇద్దరు పెద్దవాళ్లూ గంజి తాగుతూ చాలాసేపు మాట్లాడుకున్నారు. ఎవరి వాళ్లు ఎవరు, భద్రాచలం దగ్గరి చర్లలో ఎవరి ఇల్లు ఎటు, ఎవరి మేనత్తను ఎవరికి ఇచ్చారు, అన్నీ తేల్చుకున్నారు. చివరికి రామనర్సయ్య గారు బయటికి వచ్చి, తడుముకుంటూ శ్రీరంగం భుజం పట్టుకున్నారు.

“నా కూతురు చూపుతోనే నేను ఈ ఊరు చూస్తన్న నాయనా. దాన్ని దూరం తీసుకపోనన్నవంట. నాకంతే చాలు,” అన్నారు. శ్రీరంగం వంగి ఆయన కాళ్లు ముట్టుకున్నాడు.

ఆ రాత్రికి మంగాదేవి అన్నపూర్ణమ్మ దగ్గరే ఉండిపోయింది. పొద్దున్నే లేచి గాజు గ్లాసు కొంగులో చుట్టుకుని, కొలత వేళకు అందుకోవాలని గబగబా గుట్ట దిగుతుంటే, శ్రీరంగం వెంట వచ్చాడు.

“వాన తగ్గినాక ముహూర్తం అన్నరు పెద్దోళ్లు,” అన్నాడు. “ఎప్పుడు తగ్గుతదంటవ్?”

అతని మాటలో ‘మీరు’ పోయి ‘నువ్వు’ వచ్చింది. ఆమె గమనించింది గానీ గమనించనట్టే నడిచింది.

“నన్నడిగితే నాకేం తెలుసు? మేం పడ్డ వాననే కొలుస్తం. పడబోయేది మాకు తెల్వదు.”

“అయినా ఒక అందాజా?”

ఆమె ఆగి ఆకాశం వైపు చూసింది. పడమట కొత్త మబ్బు ఒకటి లేస్తోంది.

“ఈసారి జల్దీ తగ్గుతది,” అంది. ఆ మాట అనగానే మొదటి చినుకు పడింది. ఇద్దరూ నవ్వుకుంటూ గుట్ట కిందికి పరుగెత్తారు.